ఫిల్ము అంచున వంకర వేలు

ఆస్పత్రిలో ఆమెను పటకారు అనేవాళ్లు. పొయ్యి మీద గిన్నె కాలుతుంది కాబట్టి పటకారు వాడతాం. పటకారు కాలుతుందేమోనని ఎవరూ చూడరు. పేరు పెట్టిన ఎక్స్‌రే టెక్నీషియనుకు ఇంత ఆలోచన లేదు. ఆమె చెయ్యి వేస్తే పిల్ల కదలదు, అందుకని పటకారు. ఆ పేరు పెట్టిన రోజు అతను పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమె చేసిన తప్పుల్లో మొదటిది.

జీతం పుస్తకంలో ఆమె వరండా ఊడ్చే మనిషి. ఊడవడం పొద్దున్న ఒక్క గంట. ఆ తర్వాత చీపురు మూలన ఆనించి, సీసం కుట్టిన బరువైన కోటు మెడలో వేసుకుని ఎక్స్‌రే గదిలోకి వెళ్లేది. నెలల పిల్లను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ పైకెత్తి చెవులకు ఆనించి, మోచేతుల్ని తన వేళ్లతో బిగించేది. ఆ చిన్న చేతులే తలకు రెండు గోడలయ్యేవి. పిల్ల ఏడ్చేది. ఏడవనివ్వాలి. ఏడ్చి ఏడ్చి ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగుతుంది, అప్పుడు ఛాతీ నిండుతుంది. సరిగ్గా ఆ క్షణాన పటకారు "ఊఁ" అనేది. గాజు తెర వెనక నుంచి టెక్నీషియన్ మీట నొక్కేవాడు. తర్వాత ఆమే పక్కనున్న చీకటి గదిలోకి వెళ్లి ఫిల్ము కడిగి, ఆరబెట్టి, గోడలో ఉన్న చిన్న తలుపులో పెట్టి రెండుసార్లు తట్టేది. అటునుంచి అతను తీసుకునేవాడు. రోజుకు పదిహేను మంది పిల్లలు, ఒక్కోరోజు పాతిక. పంతొమ్మిదేళ్లు.

మొదటి ఏడే ఎక్స్‌రే గది తలుపు ఆమె వేలు తిన్నది. సీసపు రేకు తొడిగిన తలుపు, ఏనుగంత బరువు. కుడిచేతి చిటికెన వేలు నలిగి, కట్టు సరిగ్గా పడక, కొడవలిలా లోపలికి వంగి అతుక్కుంది. "పోనీలే, పట్టు ఇంకా బాగా కుదురుతుంది" అన్నాడు టెక్నీషియన్. దానికి ఆమె నవ్వలేదు. అప్పటికే కొంచెం బుద్ధి వచ్చింది.

ఎక్స్‌రే పెట్టెకు ముందు రెక్కలుంటాయి. వాటిని దగ్గరికి జరిపితే కావలసిన చోటే కిరణాలు పడతాయి. అలాగే చెయ్యాలని చట్టం. టెక్నీషియనుకు బద్ధకం. రెక్కలు బార్లా తెరిచి పెట్టేవాడు. ఛాతీ అడిగితే తల, మెడ, పొట్ట, పటకారు చేతులు, అన్నీ పడేవి. బాగా వచ్చిన ఫిల్ములకు అంచు కత్తిరించి, ఆమె వేళ్లు పక్కన పారేసి, నీటుగా డాక్టరుకు పంపేవాడు. పాడైనవాటిని కత్తిరించే శ్రమ కూడా పడేవాడు కాదు. ప్రతి పాడైన ఫిల్మునూ కారణంతో సహా పుస్తకంలో రాయాలి. నిజంగా రాస్తే తన పనితనం బయటపడుతుంది. అందుకని ఏడాదికి రెండో మూడో రాసి, మిగతావి ఆమెకిచ్చేవాడు.

"తీసుకుపోయి తగలెయ్."

ఆమె తగలెయ్యలేదు. ఫిల్ము వానకు నానదు, చిరగదు. ఇంట్లో స్నానాల గది కిటికీకి అద్దం పోయి ఎన్నో ఏళ్లయింది. ఒక్కొక్కటే తెచ్చి మేకులు కొట్టింది. పాతది వెలిస్తే దాని మీద కొత్తది.

టెక్నీషియన్ చొక్కాకు ఒక బిళ్ళ ఉండేది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది లెక్క కడుతుంది. మూడు నెలలకోసారి పంపితే జవాబు వస్తుంది. తెర వెనక నిలబడేవాడికి బిళ్ళ ఉంది, కిరణాల కింద చేతులు పెట్టే మనిషికి లేదు.

"సారూ, నాక్కూడా ఒకటి ఇప్పించకూడదా?" అని ఒకసారి అడిగింది.

"నీకెందుకు? లెక్క ఉన్నవాళ్లకే బిళ్ళ. నువ్వు ఏ లెక్కలో ఉన్నావు?"

సమాధానం సరిగ్గానే చెప్పాడు. ఆమెకే ఆలస్యంగా అర్థమైంది.

మొదట గోళ్ల మీద నిలువు చారలు వచ్చాయి. తర్వాత వేళ్ల చర్మం పలచబడి, మెరిసి, చలికి పగిలింది. హాజరు యంత్రం ఆమె వేలిముద్ర పట్టడం మానేసింది. ముద్రలో గీతలే లేవు. కిందటేడు కుడి బొటనవేలి పక్కన చిన్న పుండు లేచింది. ఏ మందు రాసినా మానలేదు.

"అంట్ల సబ్బు పడట్లేదేమో. ఇల్లు ఊడ్చేది నువ్వు, తోమేది నువ్వు, పుండు మాత్రం ఎక్స్‌రేదా?" అన్నాడు టెక్నీషియన్. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నేనూ ఈ గదిలోనే ఉన్నాగా, నాకేమైంది?"

"మీరు అద్దం వెనకున్నారు."

"అబ్బో. డాక్టరమ్మగారు."

ఊరి అవతల ఇంకో ఆస్పత్రిలో చర్మం డాక్టరు ఉన్నాడు. ముసలాయన. ఆమె వేళ్లు వెలుతురులోకి తిప్పి చూసి, ఏం పని చేస్తారని అడిగాడు.

"ఊడుస్తానండీ."

"చీపురు ఇలా చెయ్యదమ్మా. ఇంకేం పట్టుకుంటారు?"

"పిల్లల్ని."

ఎక్కడ, ఎలా, ఎన్నేళ్లు అని ఒక్కొక్కటే అడిగాడు. చివరికి కలం కింద పెట్టాడు. పుండులోంచి ముక్క తీసి పరీక్షకు పంపాలి. వేలు పోయినా పోవచ్చు. పని వల్లే వచ్చిందని ఆమె ఆస్పత్రి ఒప్పుకుంటే వైద్యం వాళ్లే చేయించాలి, జబ్బు సెలవు ఇవ్వాలి, ఉద్యోగం తియ్యకూడదు. "మీరు ఆ గదిలో పనిచేశారని ఒక్క ముక్క రాయించుకుని రండి. అది లేకపోతే నేను ఎంత అరిచినా ఎవరూ వినరు."

ఒక్క ముక్క. ఆమె తేలికే అనుకుంది.

ఎక్స్‌రే విభాగానికి పెద్ద డాక్టరు ఒకడు. అతని గది తలుపు మీద ఇంకో బిరుదు కూడా ఉంది: రేడియేషన్ భద్రతాధికారి. ఆ పలకను వారానికోసారి తుడిచేది ఆమే. చెప్పింది విని అతను ముందు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు.

"నువ్వు ఆ గదిలో పనిచేస్తావని ఎవరన్నారు?"

ఆమెకు అర్థం కాలేదు. "మీరు రోజూ చూస్తూనే ఉన్నారు కదండీ."

"నేను చూసేది ఫిల్ములు. వాటిలో నువ్వు లేవే. రిజిస్టరు చూడు. వరండా. గదిలోకి నువ్వెళ్తే అది నీ తప్పు. నిన్నెవరు వెళ్లమన్నారు?"

"సారు పిలిస్తేనే..."

"నేనెప్పుడు పిలిచాను?" పక్కనే నిలబడ్డ టెక్నీషియన్ వెంటనే అందుకున్నాడు. "పిల్లలంటే ముచ్చటని తనే దూరేది."

పంతొమ్మిదేళ్ల 'పటకారూ, ఇటు రా' అన్న కేకలన్నీ ఆ ఒక్క మాటతో ఊడ్చి పారేశాడు. ఊడవడం ఆమె పని అనుకుంటే, అతనికి అంతకన్నా బాగా వచ్చు.

పెద్ద డాక్టరు సొరుగులోంచి కాగితం తీశాడు. ఆ శుక్రవారమే ఎక్స్‌రే గది అనుమతి పునరుద్ధరణకు తనిఖీ ఉంది. కాగితం ముందే తయారుగా ఉంది, కింద ఆమె సంతకానికి చోటుతో సహా. తాను ఎక్స్‌రే గదిలో ఎన్నడూ పనిచేయలేదని, రేడియేషన్‌తో తనకు ఏ సంబంధం లేదని.

"పెట్టావనుకో, వరండా నీదే, వచ్చే ఏడు దాకా ఢోకా లేదు. పెట్టలేదనుకో, తనిఖీ అయిన మర్నాటి నుంచి రానక్కర్లేదు. ఆలోచించుకో. తొందరేం లేదు, శుక్రవారం లోపు."

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె ఎక్స్‌రే గదిలోకి వెళ్లి తలుపు మూసింది. తలుపు వెనక గోడకు నిబంధనల పలక ఉంది. తలుపు తెరిచి ఉంటే పలక కనపడదు. ఫోటో తీసేటప్పుడు తలుపు మూస్తారు, కాని అప్పుడు గదిలో ఉండేది పటకారు, ఏడ్చే పిల్ల. పిల్లను వదిలి పలక చదవడం కుదరదు. చట్టాన్ని ఎక్కడ వేలాడదియ్యాలో వాళ్లకు బాగా తెలుసు.

ఆమెకు చదువు కూడబలుక్కుంటే వస్తుంది. వేలు ఆనించి చదివింది. ఏడో వాక్యం దగ్గర ఆగింది. రోగిని పట్టుకునే పనికి ఏ ఉద్యోగినీ నియమించరాదు. పట్టుకోక తప్పనప్పుడు రోగి వెంట వచ్చిన పెద్దవారు, గర్భిణి కానివారు, సీసపు కోటు, చేతి తొడుగులు ధరించి పట్టుకోవలెను.

మూడుసార్లు చదివింది. ఆమెలాంటి మనిషి ఉండకూడదని చట్టం చెప్పింది, ఆమె మంచికే. వీళ్లు దాన్ని 'అలాంటి మనిషి లేదు' అని చదువుకున్నారు. ఆమెను గదిలోంచి తియ్యలేదు, కాగితంలోంచి తీసేశారు. అది చవక.

సీసపు తొడుగుల జత బీరువాలో ఉందని ఆమెకు తెలుసు. తనిఖీ రోజు మాత్రం బయటికి వస్తుంది, అత్తవారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా మర్యాదగా బల్ల మీద కూర్చుంటుంది, సాయంత్రం లోపలికి పోతుంది.

ఇంటికొచ్చి కోడలికి అంతా చెప్పింది. కోడలు కుట్టుమిషను మీద బడి చొక్కాలు కుడుతుంది. నోరు కూడా మిషనే.

"పెట్టెయ్ అత్తయ్యా సంతకం. వాళ్లతో నీకేం పోటీ? నీ కొడుకు వ్యాను నడిపి తెచ్చేది నీ మందులకా, మా తిండికా?"

"పెడితే మందులు అసలే ఉండవు. నేను ఆ గదిలో లేనని నేనే ఒప్పుకున్నట్టు."

"లేవని వాళ్లు అంటున్నారుగా. ఉన్నావని నువ్వు అంటావు. ఎవరి మాట నెగ్గుతుంది? నీ మొహానికి సాక్ష్యం ఎవరు చెప్తారు? నువ్వు పట్టుకున్న పిల్లలా? వాళ్లకు నీ మొహం చూస్తేనే ఏడుపు."

ఆమె అంట్లు ముందేసుకుని కూర్చుంది. తిట్టడానికి కూడా ఓపిక లేదు.

గురువారం పొద్దున్న కోడలు స్నానాల గదిలోంచి కేకేసింది. "అత్తయ్యా! ఇటు రా ఒకసారి. ఈ దరిద్రం కిటికీ చూడు."

"మళ్లీ ఊడిందా?"

"ఊడలేదు. రోజూ ఒళ్లు తోముకుంటూ చూస్తూనే ఉన్నా, నా బుర్ర ఏమైందో. ఈ చెయ్యి ఎవరిది?"

పొద్దుటి ఎండ కిటికీ మీద ఏటవాలుగా పడుతోంది. ఫిల్ముల్లో పిల్లల పక్కటెముకలు కోడి ఎముకల్లా సన్నగా ఉన్నాయి. అంచుల్లో పెద్ద చేతుల ఎముకలు. ప్రతి దాంట్లోనూ. పిల్ల మోచేతి మీద నాలుగు వేళ్లు చక్కగా, అయిదోది కొడవలిలా.

"ఇది కదిలింది. ఇది రెండోసారి కూడా కదిలింది. ఇందులో ఇద్దరు పిల్లలకు ఒకటే ఫిల్ము వాడాడు వెధవ" అంటూ కోడలు వేలితో ఒక్కోటీ చూపించింది. "పిల్లలే మారుతున్నారు అత్తయ్యా. చెయ్యి నీదే."

మూలల్లో సీసపు అంకెలతో తేదీ, గది సంఖ్య తెల్లగా పడి ఉన్నాయి. అడుగు పొరలో ఫిల్ము పదహారేళ్ల కిందటిది. పైపొరలోది పోయిన నెలది. అంచులు కత్తిరించలేదు, ఎందుకంటే పాడైనవాటికి అంత మర్యాద దేనికని టెక్నీషియన్ అనుకున్నాడు.

కోడలు చీర కొంగు నడుముకు దోపి మేకులు పీకడం మొదలుపెట్టింది. "సంతకం పెట్టనని నాతో వాదించడం దేనికి? ముందే ఈ కిటికీకేసి చూస్తే పోయేది. నీ ఒంటికున్న చెయ్యి నీకే తెలీదు."

"నీకు తెలిసిందిగా. నాలుగేళ్లు స్నానం చేశాక."

"సరేలే, మేకులు పట్టుకో. అన్నట్టు ఇవాళ నువ్వు స్నానం చెయ్యకు. కిటికీ లేదు."

శుక్రవారం తనిఖీ. గది ముందు ఎన్నో ఏళ్లుగా మాడిపోయిన ఎర్ర బల్బు స్థానంలో కొత్తది వెలుగుతోంది. సంతకం పెట్టని కాగితాన్ని పెద్ద డాక్టరు చేతికిచ్చి, ఆలోచిస్తున్నానంది పటకారు.

"ఆలోచించు. దుప్పట్ల గదిలో కూర్చుని ఆలోచించు. మధ్యాహ్నం దాకా బయటికి రాకు."

ఆమె దుప్పట్ల గదికి వెళ్లలేదు. చుట్ట చుట్టిన ఫిల్ములతో చీకటి గదిలోకి వెళ్లి, గోడలోని చిన్న తలుపు పక్కన నిలబడింది. అక్కడ నిలబడితే అవతల ఊపిరి తీసినా వినపడుతుంది.

తనిఖీకి వచ్చినావిడది పొడి గొంతు. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఏదో యంత్రం, రేడియేషన్ కొలిచేది కాబోలు, టిక్కుటిక్కుమంటోంది.

"పిల్లల్ని ఎవరు పట్టుకుంటారు?"

"తల్లిదండ్రులేనండీ" టెక్నీషియన్ గొంతులో తేనె. "కోటు ఇస్తాం, తొడుగులు ఇస్తాం. రూలు ప్రకారం."

ఏదో కాగితం గరగరలాడింది. "ఈ తొడుగుల లోపల ఇంకా కంపెనీ కాగితం ఉందే. ఇందులో ఎవరి చెయ్యీ దూరలేదు."

"జాగ్రత్తగా వాడతామండీ."

పెద్ద డాక్టరు దగ్గాడు. పేజీలు తిప్పిన చప్పుడు. "పోయినేడు మొత్తానికి పాడైనవి మూడు ఫిల్ములేనా? పసిపిల్లల గదిలో? ఎలా సాధ్యం?"

"పట్టు బాగుంటే కదలరండీ."

"ఎవరి పట్టు?"

గుమ్మడికాయల దొంగ అనకముందే టెక్నీషియన్ భుజాలు తడుముకుని ఉంటాడు.

పటకారు చుట్ట విప్పి ఫిల్ములను చిన్న తలుపులో పెట్టింది. రెండుసార్లు తట్టింది.

ఆమె ఆశపడినది అదే, కానీ అంత తేలిగ్గా జరుగుతుందని అనుకోలేదు. అలవాటు మనిషి బుర్రను అడగదు. అవతల తలుపు తెరుచుకుంది, పంతొమ్మిదేళ్లుగా తెలిసిన ఆ వెంట్రుకల చెయ్యి లోపలికి వచ్చి ఫిల్ములు అందుకుంది. ఫిల్ములు చూసే వెలుగు పెట్టె మీటను టక్కున నొక్కిన చప్పుడు. పైఫిల్మును పెట్టెకు తగిలించాక గానీ తను ఏం చేశాడో అతనికి తెలియలేదు.

"ఇదేంటి?" అంది పొడి గొంతు.

పటకారు వరండా మీదుగా ఎక్స్‌రే గదిలోకి వచ్చింది. తలుపు తనే మూసింది, పలక కనపడేలా.

"దుప్పట్ల గదిలో ఉండమన్నానా?" పెద్ద డాక్టరు మొహం కందగడ్డ అయింది. "ఈ మనిషి స్వీపరండీ. కొంచెం మతి..."

"నా చెయ్యండీ అది" అంది పటకారు.

తనిఖీ ఆవిడ ఆమెకేసి చూడలేదు. ఫిల్ములు ఒక్కొక్కటే పెట్టె మీద పెట్టి, తేదీలు చదివి, పాడైన ఫిల్ముల పుస్తకంలో వెతికింది. ఒక్కటీ లేదు. పోయినేడువే పదకొండు వచ్చాయి, ఒక కిటికీకి సరిపడా.

"వేళ్లు వంకర ఉన్నవాళ్లు ఊళ్లో బోలెడు మంది" అన్నాడు టెక్నీషియన్. నుదుటి చెమట ముక్కు మీదికి దిగింది. "ఎవరో తల్లిది అయ్యుంటుంది."

"పదహారేళ్లుగా అందరు పిల్లలకూ ఒకతే తల్లా?"

అప్పుడు పెద్ద డాక్టరు దారి మార్చాడు. "అసలు ఇవి ఆస్పత్రి ఆస్తి. రోగుల ఫిల్ములు. ఇంటికి ఎత్తుకుపోయావా? ఇది దొంగతనం. పోలీసులకు ఫోన్ చేయిస్తా."

టెక్నీషియన్ మొహం వెలిగింది. "అదీ! దొంగబుద్ధి! నేను అప్పుడే అనుకున్నా."

ఆమెకు భయం వేసింది. అయినా దారి అటే ఉందని కూడా కనిపించింది.

"దొంగనేనండీ. రాసుకోండి" అంది తనిఖీ ఆవిడతో. "దొంగతనం ఏ గదిలో చేశానో, ఎన్నేళ్లు చేశానో, దొంగ చెయ్యి ఫిల్ములోకి ఎలా వచ్చిందో, అది కూడా రాయండి. పక్కన ఆయన సంతకం పెట్టించండి."

టిక్కుటిక్కుమనే యంత్రాన్ని తనిఖీ ఆవిడ ఆపేసింది.

"చూడమ్మా" అంది చివరికి. "నేను మీ పక్షం కాదు. చూసింది రాస్తాను, అంతే. మీరు పట్టుకోవడం కూడా నిబంధనకు విరుద్ధమే. ఈ క్షణం నుంచి మీరు ఈ గదిలోకి రాకూడదు."

"పంతొమ్మిదేళ్లకు చెప్పారు."

ఆవిడ రాసుకుంటూ పోయింది. పసిపిల్లల ఫోటోలు ఆపాలి. అనుమతి నిలిపివేత. రికార్డుల తారుమారు. పటకారు పక్కనే నిలబడి కూడబలుక్కుంటూ చదువుతోంది. ఒకచోట ఆపింది.

"ఇక్కడేం రాశారు?"

"గుర్తు తెలియని వ్యక్తి చెయ్యి."

పటకారు కుడిచెయ్యి తీసి వెలుగు పెట్టె మీద, ఫిల్ము పక్కన ఆనించింది. కింది నుంచి తెల్లటి వెలుతురు. ఫిల్ములో ఎముక ఎక్కడ వంగిందో, పెట్టె మీద వేలు అక్కడే వంగింది. పగిలిన చర్మం, చారల గోళ్లు, బొటనవేలి పక్కన పుండు.

"ఇప్పుడు తెలిసిందా?"

తనిఖీ ఆవిడ కొట్టేసి మళ్లీ రాసింది. ఆమె అసలు పేరు, ఊడ్చే ఉద్యోగం, చేసిన పని, పంతొమ్మిదేళ్లు. దాని నకలు ఒకటి ఆమె చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు కూడా నవ్వలేదు. పెద్ద డాక్టరు ఇంకో కాగితం ఇచ్చాడు: ఆస్పత్రి ఆస్తిని తరలించినందుకు ఉద్యోగం నుంచి నిలిపివేత. ఆమె రెండూ కలిపి మడిచింది. ఒకటి చర్మం డాక్టరుకు. రెండోది పొయ్యిలోకి పెడదామనుకుని, అందులోనూ ఏ గదిలోంచి ఎత్తుకుపోయిందో గది సంఖ్య రాసి ఉండడం చూసి దాచుకుంది.

గేటు దగ్గర ఒక తల్లి, చంకలో దగ్గుతున్న పిల్లతో, వాచ్‌మన్‌తో పోట్లాడుతోంది. పిల్లల ఫోటోలు లేవు, ఊరి అవతల ఆస్పత్రికి పొమ్మంటున్నాడు. పటకారును చూసి అతను గడ్డంతో చూపించాడు. "అదుగో, ఆవిడ పుణ్యమే."

"నువ్వేనా మూయించింది?" తల్లి మీదికొచ్చింది. "ఏం పుట్టింది నీకు? నీ గొడవలకు మా పిల్లలు చావాలా? రెండు బస్సులు మారాలి నేను!"

పటకారుకు అబద్ధం చెప్పాలనిపించలేదు.

"అవును, నేనే మూయించా. తిట్టుకో. కానీ అక్కడ పిల్లను నువ్వే పట్టుకో. ఇంకెవరి చేతికీ ఇవ్వకు. కడుపుతో లేవు కదా?"

"నా కడుపుతో నీకేం పని?"

"లేకపోతేనే పట్టుకో. కోటు అడుగు, చేతికి తొడుగులు అడుగు. లేవంటే బీరువాలో చూడమను, ఉంటాయి. పెట్టెలోంచి పడే వెలుతురు పిల్ల ఛాతీ మీదే పడాలి, నీ వేళ్ల మీద పడితే జరపమని కేకెయ్యి. చేతులు రెండూ ఇలా పైకెత్తి చెవులకు ఆనించు. ఏడ్చినా వదలకు. ఊపిరి పీల్చినప్పుడు తియ్యమను."

"పెద్ద చెప్పొచ్చింది, మాకు తెలీదా పిల్లల్ని పట్టుకోవడం" అని తల్లి మొహం తిప్పుకుని రోడ్డెక్కింది.

బస్సు రాలేదు. స్తంభం నీడన నిలబడి ఇటు చూడకుండానే తల్లి పిల్ల చేతులు రెండూ పైకెత్తి చెవులకు ఆనించి చూసింది. మోచేతులు జారాయి.

"ఇంకొంచెం పైకి!" గేటు దగ్గర నుంచి కేకేసింది పటకారు.

"నోర్ముయ్!" అంది తల్లి, ఇంకొంచెం పైకి ఎత్తుతూ.